ఏం కనవడుతున్నదిరా అల్లుడా? – హైదరాబాద్ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో బస్సులు నడిపే పెద్దలకు, రోడ్లూ వంతెనలూ వేసే పెద్దలకు, మూసీ ఒడ్డున కొత్త నగరానికి గీతలు గీస్తున్న పెద్దలకు, సూర్యాపేట జిల్లాలో ఒక పల్లె నుంచి రిటైరైన బడిపంతులు నమస్కరించి రాసుకునేది.

ఈ ఉత్తరం మీలో ఎవరి బల్ల మీదికి చేరాలో నాకు తెలియలేదు. ఒకరికి రాస్తే ఇంకొకరి శాఖ అంటారేమోనని అందరికీ కలిపి రాస్తున్నాను. ఇందులో సగానికి పైగా నా పాత ముచ్చటే ఉంటుంది. కొంచెం ఓపిక పట్టండి, నేను అడగవలసింది ఆ ముచ్చటలోనే ఉంది.

2025 సెప్టెంబరు 27, శనివారం. మోతిబిందు, అంటే కంట్లో శుక్లం, చూపించుకోవడానికి మనవడిని తోడు పెట్టుకుని పట్నం బయలుదేరాను. బతుకమ్మ రోజులు. బస్సు కిక్కిరిసి ఉంది. ముందురోజు రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తడంతో మూసీ పొంగి మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చింది. అక్కడ చిక్కుకున్న ప్రయాణికులను రాత్రికి రాత్రి బయటికి తెచ్చారు. మా వైపు బస్సులను ఎల్బీ నగర్‌లోనే ఆపేశారు. నీళ్లు నిండిన బస్టాండులోకి బస్సు పోదు కదా, దానికి నేనేమీ అనను. కానీ సంచులతో, పిల్లలతో, బతుకమ్మకు పుట్టిళ్లకు పోయే ఆడవాళ్లతో ఆ చౌరస్తా నిండిపోయింది. కూర్చుందామంటే చోటు లేదు. ఫ్లైఓవర్ స్తంభం కింద సిమెంటు దిమ్మె మీద సంచి పెట్టుకుని, దాని పక్కన నేనూ సర్దుకున్నాను. అప్పుడు మా మామ గుర్తొచ్చాడు.

మామ అంటే మేనమామ. వడ్రంగి. ఎడ్లబండి చక్రాలకు మా చుట్టుపక్కల ఊళ్లలో ఆయనదే పేరు. చక్రం నడిమి కుండలో ఆకులు, అంటే పుల్లలు, సరిగ్గా దిగాయో లేదో కంటితోనే కొలిచేవాడు, కొలబద్ద ముట్టేవాడు కాదు. అలాంటి మనిషికి రెండు కళ్లలోనూ మసక వచ్చింది. 1982 డిసెంబరు అది. రామారావు పార్టీ పెట్టిన ఏడాది, జనవరి 5న ఎన్నికలు. మెహిదీపట్నం సరోజినీదేవి కంటి దవాఖానలో చూపిస్తే నయమవుతుందని ఎవరో చెప్పారు. డిగ్రీ చదువుతున్నవాడిని, బోర్డులు చదవగలనని నన్ను తోడు పంపారు. నాకు 19 ఏళ్లు. హైదరాబాద్ చూడటం అదే మొదలు.

మామకు మాత్రం కొత్త కాదు. 1956లో సుల్తాన్ బజార్‌లో ఒక సేటు ఇంటికి తలుపులు చేయడానికి పోయి నాలుగు నెలలు ఉన్నాడట. అందుకే బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఊరు తనదే అయినట్టు మాట్లాడుతూ వచ్చాడు. హయత్‌నగర్ దాటాక దారి పక్కన ద్రాక్ష పందిళ్లు కనిపించాయి. అవి అనాబ్-ఎ-షాహీ ద్రాక్షలు, నవాబుల పండు అన్నాడు. ఆ పందిళ్ల జాగాలో ఇవాళ ఏమున్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

బస్సు గౌలిగూడలో ఆగింది. మీలో చిన్నవయసు వాళ్లు ఆ బస్టాండును చూసి ఉండరు. విమానాలు పెట్టడానికని నిజాం కాలంలో నిలబెట్టిన ఇనుప హ్యాంగర్ అది. రేకుల కమాను ఒక గోడ మొదట్లో లేచి, ఆకాశంలో వంగి, అవతలి గోడ మొదట్లో దిగేది. మిసిసిపీ షెడ్డు అనేవాళ్లు. లోపల బస్సుల పొగ, పావురాల రెక్కల చప్పుడు, మైకులో ఊళ్ల పేర్లు, బత్తాయిలమ్మే వాళ్ల కేకలు, అన్నీ ఆ రేకులకు తగిలి తిరిగి మన నెత్తిన పడేవి. మామ నిలబడి తల పైకెత్తి, కళ్లు చికిలించి చూశాడు.

"నడుమ స్తంభం ఉన్నదారా?" అన్నాడు.

లేదన్నాను. మళ్లీ చూసి చెప్పమన్నాడు. ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి వచ్చి లేదని చెప్పాను. "ఒక్క స్తంభం లేకుండ ఇంత కప్పు నిలిపిండంటే వాడు పనోడురా" అని, దండం పెట్టినంత పని చేశాడు. చార్మినార్‌కు కూడా ఆయన అంత మర్యాద ఇవ్వలేదు.

అక్కడ అంతా బాగుండేదని చెప్పడం లేదు. మూత్రం వాసనకు ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. జేబుదొంగలు మనకంటే ముందే మన బస్సు వేళలు తెలుసుకునేవాళ్లు. ఎండాకాలం ఆ రేకుల కింద నిలబడటం మంగలంలో పేలాల బతుకే. ఆ రోజుల్లో పాతబస్తీలో కర్ఫ్యూ అన్న మాట పేపర్లో తరచూ చూసేవాళ్లం. బయలుదేరే ముందు మా అమ్మ మూడుసార్లు అడిగింది, ఇప్పుడేం గొడవల్లేవు కదా అని.

దవాఖానలో మామ కళ్లలో చుక్కలు వేశారు. కంటిపాప పెద్దదైతేనే లోపల చూడగలమన్నారు. చూడటం అయింది, మోతిబిందు ముదరలేదు, ఎండాకాలం పోయాక రమ్మన్నారు. చుక్కల ప్రభావం మాత్రం సాయంత్రం దాకా పోదన్నారు. ఉన్న మసకకు తోడు ఇప్పుడు వెలుతురంతా కళ్లలో పడి, మామకు ఊరు తెల్లగా అలికేసినట్టయింది. రాత్రికి చిలకలగూడ రైల్వే క్వార్టర్లలో మా బంధువుల ఇంటికి చేరాలి. అఫ్జల్ గంజ్‌కు వచ్చి, సికింద్రాబాద్ పోయే 7వ నంబరు బస్సు ఎక్కాం.

డబుల్ డెక్కర్. నేను కిందే కూర్చుందామన్నాను, కళ్లు కనిపించని మనిషిని మెట్లెక్కించడం ఎందుకని. మామ ఒప్పుకోలేదు. కమ్మి పట్టుకుని, మలుపు తిరిగే ఆ సన్నటి మెట్లు కాళ్లతో తడుముకుంటూ ఎక్కాడు. అదృష్టం, ముందు సీటు దొరికింది. డ్రైవరు నెత్తిమీద, అద్దం ముందు, మేమిద్దరం. బస్సు కదిలేసరికి ఊరంతా కిందికి దిగి మా కాళ్ల దగ్గరికి వచ్చింది.

"ఏం కనవడుతున్నదిరా అల్లుడా?" అని మొదలుపెట్టాడు.

చెప్పడం మొదలుపెట్టాను. గుమ్మటాలున్న పెద్ద భవనం అంటే, "ఉస్మానియా దవాఖాన. వెనుక చింతచెట్టు ఉంటది, చూడు" అన్నాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని, సుల్తాన్ బజార్‌లో ముసలివాళ్లు తనకు చెప్పారని చెప్పాడు. చెట్టు నాకు కనిపించలేదు. కనిపించలేదంటే చిన్నబుచ్చుకుంటాడని, "ఉంది మామా, కొమ్మలు బాగా పరుచుకున్నాయి" అన్నాను. చిన్న అబద్ధమే. దాని సంగతి మళ్లీ చెబుతాను.

మోజంజాహీ మార్కెట్ రాతి గోపురం, దాని గడియారం చెప్పాను. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు చెప్పాను. గోడల మీద ఏమున్నాయంటే, ఒక గోడ మీద సైకిల్, ఒక గోడ మీద చెయ్యి, మళ్లీ సైకిల్ అని లెక్కపెట్టి చెప్పాను. "సైకిళ్లే ఎక్కువున్నయా?" అన్నాడు. అవునన్నాను. "అయితే గెలుస్తడు" అన్నాడు. ఆ తర్వాత ఎడమవైపు కొండ మీద తెల్లటి గుడి ఉందని చెబితే మాత్రం మామ ఒప్పుకోలేదు. "అది నౌబత్ పహాడ్. దాని మీద గుడి ఎక్కడిది? సరిగ్గ చూడు" అన్నాడు. బిర్లా మందిరం 1976లో తెరిచారు, ఆయన చూసిన ఊళ్లో అది లేదు. మా వెనక సీటాయన కల్పించుకుని గుడి ఉన్నది నిజమే అన్నాక, కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మంచిగున్నదా?" అని అడిగాడు.

ట్యాంక్ బండ్ ఎక్కాక గాలి తగిలింది. అప్పటికి అక్కడ విగ్రహాల్లేవు, అవి 1986లో వచ్చాయి. నీళ్ల నడుమ బుద్ధుడూ లేడు. ఉత్త నీళ్లు, పొద్దు. "ఇగ చెప్పకు, నాకు తెలుస్తున్నది" అన్నాడు మామ. రాణీగంజ్ దిగేదాకా ఆ గాలికి మొహం పెట్టి కూర్చున్నాడు.

మర్నాడు సాలార్ జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు కూర్చున్నాం. పన్నెండు గంటల కోసం జనం గంట ముందు నుంచే చేరారు. చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుందని అందరికీ ఆత్రం. మామకు మాత్రం అందులో సెకను సెకనుకు సుత్తి వేసే కమ్మరి బొమ్మ మీదే మనసు. కనిపించకపోయినా ఆ చప్పుడు వింటూ, "మన పని చేసెటోడు ఒక్కడన్న ఉన్నడు" అన్నాడు. బయటికి వచ్చి ఒక ఇరానీ హోటల్లో ఒక పౌనా చాయ్ చెప్పి ఇద్దరం పంచుకున్నాం. రెండు రోజులకు మొత్తం నూటా ఇరవై రూపాయలతో వచ్చాం, అందులో ఇంకా మిగిలాయి.

తర్వాతి ఏడాది ఆపరేషన్ అయింది. సోడాబుడ్డి కళ్లద్దాలు వచ్చాయి. దవాఖాన నుంచి ఇంటికి పోదామంటే వినకుండా మళ్లీ అఫ్జల్ గంజ్ తీసుకుపోయి, అదే 7వ నంబరు, పై అంతస్తు, ముందు సీటు కోసం రెండు బస్సులు వదిలేశాడు. ఎందుకంటే నేను చెప్పినవన్నీ సరిచూసుకోవాలి. గుడి చూశాడు, తలూపాడు. సికింద్రాబాద్‌లో దిగాక, "చెట్టు ఏదిరా?" అన్నాడు. బస్సులో నుంచి ఆ చెట్టు కనిపించదు. నిజం ఒప్పుకున్నాను. మళ్లీ అఫ్జల్ గంజ్ వచ్చి, దిగి, దవాఖాన ఆవరణలోకి నడిచి, చెట్టు మొదలు చేత్తో తట్టి చూశాడు. "చేవ ఉన్నది. ఇంకో వరదకు సరిపోతది" అన్నాడు. మామ 1999లో పోయాడు.

పెద్దలారా, ముచ్చట అయిపోయింది. ఇప్పుడు అడగవలసినవి అడుగుతాను.

ఆ గౌలిగూడ షెడ్డు 2018 జులై 5 తెల్లవారుజామున కూలిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎనభై ఏళ్లకు పైగా నిలిచిన కప్పు అది. 1932లో నిజాం రైల్వేలో భాగంగా 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైన రవాణా సంస్థకు అది పుట్టిల్లు లాంటిది. నల్లగొండ, ఖమ్మం, వరంగల్ నుంచి ఎన్ని లక్షల మంది ఆ రేకుల కిందే మొదటిసారి హైదరాబాద్ నేల మీద కాలు పెట్టారో. కూలింది కూలింది, దాన్ని మళ్లీ నిలబెట్టమని అడగను. ఆ జాగాలో ఏం కట్టినా సరే, ఒక మూల దాని ఫోటో, అది నిలిచిన పద్ధతి చూపించే ఒక బొమ్మ పెట్టి, కింద తెలుగులో, ఉర్దూలో నాలుగు మాటలు రాయించండి. నడుమ స్తంభం లేదని తప్పక రాయండి.

ఇమ్లీబన్ బస్ స్టేషన్, అదే మహాత్మా గాంధీ బస్ స్టేషన్, 1994లో వచ్చింది. గౌలిగూడతో పోలిస్తే అది రాజభవనమే, కాదనను. కానీ అది ఉన్నది మూసీ రెండు పాయల నడుమ, లంక మీద. 1908 తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో గండిపేట, హిమాయత్ సాగర్ కట్టారు. ఒకటి 1920లో, ఒకటి 1927లో. ఆ రెండు చెరువులు నిండి గేట్లు ఎత్తితే నీళ్లు ముందుగా ఎక్కడికి వస్తాయో బడిపిల్లలకు కూడా తెలుసు. మూసీ ఒడ్డుకు కొత్త రూపు ఇచ్చేవాళ్లు ఈ బస్టాండు ప్రయాణికుల సంగతి ముందు తేల్చండి, తర్వాత పూలమొక్కలు. మొన్నటి నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో అక్కడి ఒక స్తంభం మీద గీత గీసి తేదీ వేయండి. పదేళ్లకు కొత్తగా వచ్చే అధికారికి ఫైలు వెతుక్కునే పని తప్పుతుంది.

ఇంకో మాట తరచు చెవిన పడుతోంది. జిల్లాల బస్సులను ఊరి బయటే ఆపేయాలని. ట్రాఫిక్ కష్టాలు నాకూ తెలుసు. కానీ ఒక్కసారి మా బస్సులో ఎవరుంటారో చూడండి. సరదాకు వచ్చేవాళ్లు కార్లలో వస్తారు. బస్సులో వచ్చేది కళ్లకు, గుండెకు, కీమోకు, పరీక్ష రాయడానికి, కోర్టు వాయిదాకు. తెల్లవారుజామున మూడింటికి లేచి బయలుదేరిన మనిషి. అతన్ని ఊరి అంచున దింపితే, అక్కడి నుంచి దవాఖానకు ఆటోకు పెట్టేది ఊరి నుంచి వచ్చిన బస్సు చార్జీని మించిపోతుంది. వరద రోజు ఒక్క పూటకే ఆ చౌరస్తా ఏమైందో నేను చూశాను. బయట ఆపక తప్పదంటే, ముందు అక్కడ కప్పు వేయండి, కూర్చునే బల్లలు వేయండి, నీళ్ల పంపు పెట్టండి, ఏ దవాఖానకు ఏ బస్సో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. చుక్కలు వేసిన కళ్లకు కూడా కనిపించేంత పెద్దగా. ఇవన్నీ అయ్యాకే బస్సులు మళ్లించండి.

ఆ రోజు ఎల్బీ నగర్ నుంచి మెట్రో ఎక్కాం. మెట్రో మంచిది. చల్లగా ఉంది, ఒకబ్బాయి లేచి నాకు సీటు ఇచ్చాడు, అమీర్‌పేట ఎప్పుడొచ్చిందో కూడా తెలియలేదు. పాత విజయవాడ దారి మీదుగానే, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, ఎత్తు మీద నుంచి. మూసీ దగ్గర రైల్లో అందరూ లేచి కిటికీలకు అతుక్కుపోయారు. కింద మట్టిరంగు నీళ్లు. మామ చెట్టు ఆ వైపేనని మనవడికి చూపించబోయే లోపు స్టేషన్ వచ్చింది, జనం ఎక్కారు, ఇంకేమీ కనిపించలేదు.

తిరుగు ప్రయాణంలో నా కళ్లలో చుక్కలు ఉన్నాయి. అంతా తెల్లటి వెలుగు. నాకే నవ్వొచ్చింది. పక్కనున్న మనవడిని అడిగాను, "ఏం కనబడుతుందిరా?"

వాడు ఫోను నుంచి తల ఎత్తి అటూ ఇటూ చూసి, "ఏముంది తాతా, బిల్డింగులు" అన్నాడు. మళ్లీ ఫోనులోకి పోయాడు. వాణ్ని తప్పు పట్టను. వాడు చెప్పింది నిజమే, ఆ వేగంలో, ఆ ఎత్తులో ఉన్నవి బిల్డింగులే. పైగా నాకు మొదటిసారి హైదరాబాద్ చూడటానికి 19 ఏళ్లు పట్టింది, వాడు ఐదో ఏట నుంచీ చూస్తున్నాడు. రైల్లో స్టేషన్ల పేర్లు చెప్పే గొంతు ఒక్కటే నాకు తోడుగా ఉంది. ఉస్మానియా మెడికల్ కాలేజ్ అనగానే తల ఆ వైపు తిప్పాను. అలవాటు కొద్దీ.

అందుకే చివరి కోరిక. 2003 ప్రాంతంలో డబుల్ డెక్కర్లు తీసేశారు. ఫ్లైఓవర్లు అడ్డమన్నారు, మరమ్మతులకు డబ్బు ఎక్కువవుతోందన్నారు. సరే. కానీ 2023 ఫిబ్రవరిలో కరెంటు డబుల్ డెక్కర్లు మూడు తెచ్చి హుస్సేన్ సాగర్ చుట్టూ తిప్పారు కదా. అంటే బస్సులు దొరుకుతాయి, నడపడం కూడా వచ్చు. వాటిని బొమ్మ చూపించడానికి కాకుండా, మామూలు టికెట్‌కు, మామూలు జనానికి, మామూలు నంబరుతో నడపండి. ఒక్క రూటు చాలు. అఫ్జల్ గంజ్ నుంచి ట్యాంక్ బండ్ మీదుగా సికింద్రాబాద్. నడుమ మెట్రో దూలాలు ఎక్కడ అడ్డమొస్తాయో మీ ఇంజనీర్లు కొలిచి చూసుకుంటారు, అక్కడ ఒక సందు తిరిగి రండి, మాకు తొందరేం లేదు. కుదిరితే 7 అనే నంబరే పెట్టండి. ఎప్పుడూ పట్నం రాని మనిషికి, చేతిలో పెద్దగా డబ్బుల్లేని మనిషికి, ఊరంతా కూర్చుని చూసే చోటు మీ నగరంలో అదొక్కటే ఉండేది. టికెట్ కొన్న ప్రతివాడికీ ఆ ముందు సీటు మీద నవాబుకున్నంత హక్కు ఉండేది.

నాకు ఒక కన్ను ఆపరేషన్ అయింది. రెండో కంటికి మళ్లీ రమ్మన్నారు. అప్పుడు మా బస్సు ఎక్కడ ఆగుతుందో ఒక వారం ముందు చెప్పగలిగితే మేలు, దాన్ని బట్టి అన్నం గిన్నె కట్టుకుంటాం. మనవడు ఈసారి కూడా తోడు వస్తానన్నాడు. చింతచెట్టు సంగతి చెబితే, ముందు దాన్ని ఫోన్లో వెతికాడు. తర్వాత అడిగాడు, "దిగి చూద్దామా తాతా?"

ఇట్లు,
మీ బస్సుల్లో నలభై మూడేళ్లుగా తిరుగుతున్న ఒక ప్రయాణికుడు,
సూర్యాపేట జిల్లా.